ఐస్‌లాండ్ దక్షిణ తీరం ఒక్కరోజు గైడెడ్ టూర్: అరవై దాటిన దంపతులకు బస్సు మేలా, కారు మేలా?

ప్రశ్న: పినాకిని తీరం (నెల్లూరు)

మిత్రులందరికీ నమస్కారం. మా అబ్బాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో నేనూ మా ఆవిడా వాడి దగ్గరికి వెళ్తున్నాము. అక్కడి నుంచి ముగ్గురమూ కలిసి ఐస్‌లాండ్ చూసి రావాలని వాడి కోరిక; విమానం టికెట్లు కూడా కొనేశాడు. ఆ దేశ రాజధాని రేక్యావిక్ నుంచి ఉదయం బయల్దేరి, సెల్యాలాండ్స్‌ఫాస్, స్కోగాఫాస్ అనే రెండు జలపాతాలు, సోల్‌హేమాయోకుల్ అనే హిమానీనదం, రేనిస్‌ఫ్యారా అనే నల్ల ఇసుక తీరం చూపించి రాత్రికి మళ్లీ బసకు చేర్చే బస్సు టూర్లు చాలా ఉన్నాయని తెలిసింది. వాడేమో బస్సు ఎందుకు నాన్నా, కారు అద్దెకు తీసుకుంటే మనకు నచ్చిన చోట ఆగవచ్చు అంటున్నాడు. నాకేమో తెలియని దేశంలో గైడు ఉన్న బస్సే క్షేమమని అనిపిస్తోంది.

మేమిద్దరమూ అరవై దాటినవాళ్లమే. నాకు నడక అలవాటే కాని, మా ఆవిడకు మోకాళ్ల నొప్పి ఉంది. మెట్లు ఎక్కడం కంటే దిగడమే ఆమెకు కష్టం. ఈ టూర్లలో మంచు మీద నడిపించేవి కొన్ని, దూరం నుంచి చూపించి తీసుకువచ్చేవి కొన్ని ఉన్నట్టున్నాయి. మాకు ఏది తగినది? ఇంకొక మాట కూడా అడగాలి. పెంచలకోన జలపాతం చూశాము, మైపాడు సముద్రం ఎప్పుడూ చూసేదే, అంత ఖర్చు పెట్టుకుని అంత దూరం పోయి మళ్లీ ఆ నీళ్లూ ఆ ఇసుకేనా చూడవలసింది అని మా ఆవిడ అంటోంది. ఆమెకు సరిగ్గా జవాబు చెప్పలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

జవాబు: కావలి కుర్రాడు (ప్రస్తుతం మ్యూనిక్)

నమస్కారం అండీ. మా అమ్మానాన్నలను తీసుకుని ఇదే దారిలో వెళ్లి వచ్చాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

మొదట దూరం సంగతి. ఈ టూర్ చివరి మజిలీ అయిన విక్ అనే ఊరు రేక్యావిక్‌కు సుమారు 185 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోయినా ఒక వైపు రెండున్నర గంటల ప్రయాణం. అందుకే టూర్ మొత్తానికి పది, పదకొండు గంటలు పడుతుంది. అందులో సగానికి పైగా బస్సులో కూర్చునే ఉంటారు కాబట్టి, వయసు వల్ల అలసిపోతామేమో అన్న బెంగ అవసరం లేదు. ఒక్కొక్క చోట అరగంట నుంచి గంట వరకు సమయం ఇస్తారు. ఆ సమయంలో ఎంత నడవాలి, ఎక్కడ నిలబడి చూడాలి అన్నది పూర్తిగా మీ చేతిలోనే ఉంటుంది. గైడు ఎవరినీ బలవంతంగా నడిపించడు.

సెల్యాలాండ్స్‌ఫాస్ ఎత్తు సుమారు 60 మీటర్లు. దాని వెనుక భాగంలో కొండ లోపలికి తొలిచినట్టు ఉంటుంది కనుక, జలపాతానికి వెనుకగా నడిచి చుట్టి రావచ్చు. ఆ జలపాతానికి అంత పేరు వచ్చింది దానివల్లే. కాని ఆ దారిలో రాళ్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, ఒకచోట రాళ్ల మీదుగా ఎగుడుదిగుడుగా ఎక్కవలసి వస్తుంది. మా నాన్న అటు వెళ్లి వచ్చారు; ఆ తుంపరకు కళ్లద్దాలు తుడిచి తుడిచి, విసిగి, చివరికి జేబులో పెట్టేసుకుని చూశారు. అమ్మ ముందువైపే నిలబడింది. అక్కడి నుంచి కూడా జలపాతం పూర్తిగా కనిపిస్తుంది. పిన్నిగారికి నేను చెప్పేది కూడా అదే, వెనుక దారి వదిలేయమనండి.

స్కోగాఫాస్ ఆమెకు బాగా అనుకూలం. అది కూడా 60 మీటర్ల ఎత్తే, వెడల్పు 25 మీటర్లు. బస్సు దిగిన చోటి నుంచి జలపాతం పాదం దాకా చదునైన గులకరాళ్ల నేల. పక్కనే పైకి మెట్లు ఉన్నాయి, ఐదు వందలకు పైగానే. ఎక్కనక్కర లేదు, ఈ జలపాతం పైనుంచి కంటే కింద నుంచి చూస్తేనే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇక హిమానీనదం. మంచు మీద నడిపించే టూర్‌లో బూట్ల అడుగున ఇనుప ముళ్ల పట్టీలు బిగిస్తారు, వాటిని క్రాంపన్లు అంటారు. తలకు హెల్మెట్, చేతికి మంచు గొడ్డలి ఇస్తారు, గైడు వెనుక వరుసగా నడవాలి. అరవై దాటినవారు కూడా చాలామంది నడుస్తారు. అయితే మంచు వాలు మీద దిగేటప్పుడు ప్రతి అడుగూ గట్టిగా నేలకు కొట్టినట్టు వేయాలి, ఆ అదురంతా మోకాలికే తగులుతుంది. దిగడమే కష్టమని మీరే రాశారు కనుక మంచు నడక లేని టూర్ తీసుకోండి. అందులో కూడా కారు పార్కింగ్ నుంచి ఒక పావుగంట, ఇరవై నిమిషాలు కంకర దారిలో నడిస్తే మంచు ఎదురుగా కనిపించే చోటికి చేరుకుంటారు. రెండు రకాల టూర్ల పేర్లూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి; బుక్ చేసేటప్పుడు మీ బూటు సైజు అడిగారంటే అది మంచు నడక టూర్ అని అర్థం చేసుకోవచ్చు. గైడు లేకుండా మంచు మీద అడుగు పెట్టడం మాత్రం ఎవరికీ తగదు. పైకి గట్టిగా కనిపించే చోటే లోతైన పగుళ్లు ఉంటాయి.

జవాబు: చీమకుర్తి క్వారీ

ఇంతవరకు వచ్చిన ప్రశ్నలలో మంచి ప్రశ్న మీ ఇంటావిడ అడిగిందేనండీ. రాళ్ల వ్యాపారంలో ఉన్నవాడిని కనుక నాకు తెలిసినంత చెబుతాను.

మన పెంచలకోన, భైరవకోన కొండలు వంద కోట్ల సంవత్సరాలకు పైబడినవి. ఐస్‌లాండ్‌లో అన్నిటికంటే పాత రాయి వయసు సుమారు ఒక కోటీ అరవై లక్షల సంవత్సరాలు. అంటే మనం ముత్తాతల కాలం నాటి నేల మీద నిలబడి ఉన్నాము, అక్కడ నేల ఇంకా తయారవుతూనే ఉంది. అట్లాంటిక్ సముద్రం మధ్యలో భూమి పైపొరలోని రెండు పెద్ద ముక్కలు, ఉత్తర అమెరికా పలక, యురేషియా పలక, ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున ఎడమవుతున్నాయి. ఆ చీలిక నీటి మీదికి వచ్చి నేలగా కనిపించే చోటే ఐస్‌లాండ్. 1963లో ఆ దక్షిణ తీరానికి ఎదురుగా సముద్రంలో అగ్నిపర్వతం పేలి సుర్ట్‌సే అనే కొత్త ద్వీపమే పుట్టింది.

మీరు చూడబోయే రెండు జలపాతాలూ ఒకప్పటి సముద్రపు గట్టు మీది నుంచి దూకుతున్నాయి. స్కోగాఫాస్ దగ్గర సముద్రం ఇప్పుడు ఐదు కిలోమీటర్లు వెనక్కి పోయింది కాని, నిట్టనిలువు గట్టు మాత్రం అక్కడే ఉండిపోయింది. సెల్యాలాండ్స్‌ఫాస్‌లో పడే నీరు ఎయాఫ్యాట్లాయోకుల్ అనే మంచు కప్పిన అగ్నిపర్వతం నుంచి వస్తుంది. 2010 ఏప్రిల్‌లో బూడిద ఎగజిమ్మి యూరప్ విమానాలను ఇంచుమించు వారం రోజుల పాటు నిలబెట్టిన పర్వతం అదే. మన పెంచలకోనలో వాన పడితేనే ధార. అక్కడ వానకు తోడు మంచు కరుగుతుంది, కనుక ఏడాది పొడుగునా ఆగదు.

సోల్‌హేమాయోకుల్‌ను చూసి చాలామంది నిరాశ పడతారు, తెల్లగా ఉంటుందనుకుంటే నల్లటి చారలతో మురికిగా కనిపించిందని. ఆ చారలే చూడవలసినవి. అవి పాత పేలుళ్ల బూడిద పొరలు. ఆ హిమానీనదం మిర్‌డాల్స్‌యోకుల్ అనే పెద్ద మంచు కప్పు నుంచి జారి వచ్చే ఒక నాలుక, ఆ మంచు కప్పు కింద కాట్లా అనే అగ్నిపర్వతం ఉంది. దాని చివరి పెద్ద పేలుడు 1918లో జరిగింది. మంచు కింద నిప్పు రాజుకుంటే ముందు వచ్చేది లావా కాదు, వరద. 1918లో ఆ వరద తెచ్చిన రాళ్లూ ఇసుకా మేట వేసి తీరం సముద్రంలోకి ముందుకు జరిగింది. 2011లో వచ్చిన చిన్న వరదకే విక్‌కు తూర్పున ప్రధాన రహదారి మీది వంతెన కొట్టుకుపోయింది.

రేనిస్‌ఫ్యారా తీరంలో కొండకు ఆనుకుని, ఎవరో చెక్కి పేర్చినట్టు ఆరు పలకల స్తంభాలు కనిపిస్తాయి. చేయి వేసి చూడండి. లావా చల్లబడేటప్పుడు కుంచించుకుంటుంది. ఆ కుంచించుకోవడంలో పడిన పగుళ్లు పైనుంచి లోపలికి దిగుతూ పోతే ఇలా స్తంభాలు ఏర్పడతాయి. మా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయి కూడా కరిగిన రాతి నుంచి పుట్టినదే. కాని అది భూమి లోతున చాలా నెమ్మదిగా చల్లారింది కనుక స్ఫటికాలు కంటికి కనిపించేంత పెరిగాయి. ఆ నల్లరాయిలో బంగారు చుక్కలుగా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు స్ఫటికాలే. అక్కడి బసాల్ట్ అనే లావా రాయి పైకి వచ్చి తొందరగా గట్టిపడింది కనుక అందులో మెరుపు ఉండదు, ఉత్త నలుపే. అదే అలల తాకిడికి నలిగి నల్ల ఇసుక అయింది. మన గూడూరు వైపు తెల్లటి సిలికా ఇసుక పిడికిట్లో పట్టినవారికి ఆ నల్ల ఇసుక ఎంత వేరో చేతితోనే తెలుస్తుంది.

జవాబు: ఒంగోలు రోడ్డు

అందరూ బస్సునే మెచ్చుకుంటున్నారు, కాని నేను అబ్బాయి పక్షమే. రింగు రోడ్డు అనే ఒకటో నంబరు రహదారి విక్ దాకా మొత్తం తారు రోడ్డే. మలుపులు తక్కువ, వాహనాలు తక్కువ, వేగ పరిమితి గంటకు 90 కిలోమీటర్లు. జర్మనీలో కుడివైపు నడపడం అలవాటైన కుర్రవాడికి అది పెద్ద పని కాదు. బస్సులో నలభై మంది దిగి, ఎక్కి, లెక్క సరిపోయేసరికే పది నిమిషాలు పోతాయి. మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మగారికి కారైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు కాళ్లు చాపుకునే వీలు ఉంటుంది, ఒక జలపాతం దగ్గర కూర్చోవాలనిపిస్తే గంటసేపు కూర్చోవచ్చు. ముగ్గురి బస్సు టికెట్ల ఖర్చుతో పోల్చితే కారు అద్దె కూడా భారం కాదు.

జవాబు: కావలి కుర్రాడు

మీరు రోడ్డు గురించి చెప్పినదంతా నిజమే, కాని గాలి గురించి చెప్పలేదు. ఆ తీరంలో వీచే గాలికి, ఆదమరచి తెరిచిన కారు తలుపు కీళ్లు వంగి ముందుకు విరుచుకుపోతుంది. చాలా అద్దె ఒప్పందాలలో ఆ నష్టం బీమా కిందికి రాదు. ఎగిరే ఇసుకా బూడిదా కారు రంగును గీకేస్తాయని దానికి వేరే బీమా అమ్ముతారు. జూన్, జులైలలో రాత్రి పన్నెండు దగ్గరికి వచ్చేదాకా వెలుతురు ఉంటుంది కనుక కారే బాగుంటుంది, ఒప్పుకుంటాను. సెప్టెంబరు మధ్యలో పగలు మనకంటే అరగంటో గంటో ఎక్కువ, అంతే; వానలు, గాలులు మొదలవుతాయి. తిరుగు ప్రయాణం వానలో, మసక వెలుతురులో పడితే అబ్బాయి దృష్టంతా రోడ్డు మీదే ఉంటుంది. అమ్మానాన్నలకు చూపించాలని అంత దూరం తీసుకువెళ్లి, తాను మాత్రం వైపరు చూస్తూ కూర్చోవడం ఏం బాగుంటుంది?

నలభై మంది బస్సు ఇబ్బంది అన్న మాట మాత్రం కొట్టిపారేయలేనిది. అందుకే పదిహేను, ఇరవై మంది ఎక్కే చిన్న బస్సు ఉన్న టూర్ చూడండి. కొంచెం ధర ఎక్కువైనా ఎక్కడం దిగడం సులువు, గైడుతో మాట్లాడే వీలూ ఉంటుంది. రేక్యావిక్ నడిబొడ్డులోకి పెద్ద వాహనాలను రానివ్వరు కనుక హోటల్ ముందు ఎక్కించుకోరు. నంబర్లు వేసిన టూర్ బస్ స్టాపులు ఉంటాయి. మీ బసకు దగ్గరి స్టాపు ఏదో ముందు రోజే నడిచి చూసి ఉంచుకోండి.

జవాబు: కొత్తపట్నం

రేనిస్‌ఫ్యారా గురించి ఇంకా ఎవరూ హెచ్చరించలేదు కాబట్టి నేను రాస్తున్నాను. సముద్రం పక్కన పుట్టినవాళ్లమే అక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కార్తీక స్నానాలకు మన తీరాలకు వచ్చే జనం మోకాలి లోతు దాకా దిగుతారు, అల వస్తే నవ్వుకుంటూ వెనక్కి నడుస్తారు. ఆ అలవాటు అక్కడ పనికిరాదు. అక్కడ ఒడ్డు దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. అట్లాంటిక్‌లో వందల మైళ్ల నుంచి అడ్డు లేకుండా వచ్చే అలలలో, కొన్ని చిన్న అలల తర్వాత ఒకటి ఉన్నట్టుండి అంతకు ముందు తడిసిన గీతను చాలా దూరం దాటి పైకి వస్తుంది. తిరిగి వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది గులకరాళ్లను కూడా లాక్కుపోతుంది. పడ్డవారికి పట్టు దొరకదు, ఆ నీటి చలికి కాళ్లు చేతులు కొద్ది నిమిషాల్లోనే స్వాధీనం తప్పుతాయి. అక్కడ ప్రాణాలు పోయాయి, ఒకరివి కాదు.

తీరానికి దిగే దారిలో దీపాలతో హెచ్చరిక బోర్డు ఉంటుంది. ఎర్ర దీపం వెలుగుతుంటే ఆ బోర్డు దాటి తీరంలోకి దిగవద్దు. సముద్రానికి వీపు పెట్టి ఫోటో తీయించుకోవడం అక్కడ అన్నిటికంటే పెద్ద ప్రమాదం. నిలబడితే సముద్రం వైపు తిరిగే నిలబడండి. స్తంభాల పక్కన ఒక గుహ ఉంది, కెరటాలు పెద్దగా ఉన్న రోజున అందులో చిక్కుకుంటే బయటికి దారి ఉండదు. బస్సే మేలని నేను అనడానికి కారణం కూడా ఇదే. రోజూ ఆ తీరాన్ని చూసే మనిషి ‘ఈరోజు ఇక్కడి నుంచే చూడండి’ అంటే ఆ మాటకు విలువ ఉంది. కారులో వెళ్లినవాళ్లకు ఆ మాట చెప్పే మనిషి ఉండడు.

పినాకిని తీరం (నెల్లూరు)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. చీమకుర్తి వారి జవాబు మా ఆవిడకు చదివి వినిపించాను. ‘అయితే ఆ స్తంభాలు చూడాల్సిందే’ అంది, అంతటితో ఆ చిక్కు తీరింది. ఇప్పుడు ఆమె ప్రశ్నలు వేరు. చీర కట్టుకుని వెళ్లవచ్చా? శనివారం ఆమె మాంసాహారం ముట్టదు, టూర్ శనివారమే పడేలా ఉంది, తినడానికి ఏమైనా దొరుకుతుందా? నాది ఇంకొకటి: జర్మనీ వీసాతో ఐస్‌లాండ్ వెళ్లవచ్చునా, మళ్లీ వేరే తీసుకోవాలా?

జవాబు: ఉదయగిరి ఆడపడుచు

చీర వద్దండీ, అక్కకు గట్టిగా చెప్పండి. చలి ఒక్కటే అయితే ఏదోలా కట్టుకోవచ్చు, కాని ఆ గాలికి కుచ్చిళ్లు నిలవవు, జలపాతం తుంపరకు అంచు తడిసి బరువెక్కితే నడవడమే కష్టం. ఒంటికి అంటుకునే థర్మల్ జత, దాని మీద ఉన్ని స్వెట్టరు, పైన నీరు దిగని జాకెట్టు, కాళ్లకు నీరు దిగని ప్యాంటు వేయించండి. సెప్టెంబరులో అక్కడ పగలు ఐదు నుంచి పది డిగ్రీల మధ్య ఉంటుంది. జీన్స్, నూలు బట్టలు తడిస్తే ఆరవు. గొడుగు తీసుకెళ్లవద్దు, మొదటి గాలికే తిరగబడుతుంది. మన మంకీ క్యాప్ చూసి ఎవరేమనుకున్నా సరే, పెట్టుకోమనండి. ముఖానికి కొట్టే వానను ఆపడంలో దానిని మించినది లేదు. పట్టు ఉన్న బూట్లు ఇక్కడే కొని, నెల రోజులు వేసుకుని తిరిగి, అలవాటు చేసుకుని వెళ్లాలి.

భోజనానికి మధ్యాహ్నం విక్‌లోనో, స్కోగాఫాస్ పక్క ఊరు స్కోగార్‌లోనో ఆపుతారు. శాకాహార సూప్, బ్రెడ్, బంగాళాదుంప చిప్స్ దొరుకుతాయి. స్కిర్ అని చిక్కటి పెరుగులాంటిది ప్రతి దుకాణంలోనూ ఉంటుంది. అక్కడ అందరూ తినే హాట్‌డాగ్‌లో గొర్రె మాంసంతో పాటు గొడ్డు మాంసం, పంది మాంసం కూడా కలుస్తాయి, మిగిలిన రోజులలో అయినా ఆ సంగతి గుర్తుంచుకోండి. నా మటుకు నేను వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని, పొద్దున్నే నిమ్మకాయ పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటాను. పొడులు, ఆవకాయ సూట్‌కేసులో వేసుకోండి కాని, నెయ్యి డబ్బా మాత్రం పెట్టకండి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు. నీళ్ల సీసా కొనవద్దు, కుళాయిలో చన్నీళ్లే శుభ్రమైన మంచినీళ్లు. వేడినీళ్ల కుళాయి గంధకం వాసన వేస్తుంది, అది భూమిలోంచి వచ్చే నీరు, స్నానానికే తప్ప తాగడానికి కాదు.

జవాబు: కావలి కుర్రాడు

వీసా విషయం: ఐస్‌లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాని, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంజెన్‌లో ఉంది. కనుక జర్మనీ ఇచ్చిన షెంజెన్ వీసా చాలు, ఒక్క ప్రవేశానికి ఇచ్చినదైనా సరిపోతుంది. మధ్యలో లండన్ వెళ్లి రావాలనుకుంటే మాత్రం ఒకటికంటే ఎక్కువ ప్రవేశాల వీసా కావాలి. ఐస్‌లాండ్ విమానంలో పాస్‌పోర్టు చూడకపోయినా వెంట ఉంచుకోండి. వీసా కోసం తీసుకునే ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి, అది ఐస్‌లాండ్‌కు కూడా వర్తిస్తుందని కాగితంలో చూసుకోండి.

ఒక ముఖ్యమైన సలహా. టూర్‌ను ఐస్‌లాండ్‌లో మీ చివరి రోజున పెట్టుకోకండి. గాలి మరీ ఎక్కువైతే టూర్‌ను వాళ్లే రద్దు చేస్తారు; డబ్బు వాపసు ఇస్తామనో ఇంకొక రోజు రమ్మనో అంటారు. ఇంకొక రోజంటూ మీ చేతిలో మిగిలి ఉండాలి కదా. దిగిన మరునాటికే పెట్టుకుంటే శనివారం తిప్పలు కూడా తప్పవచ్చు.

పినాకిని తీరం (నెల్లూరు)

అబ్బాయితో మాట్లాడాను. కారు ఆలోచన మానుకున్నాడు. మంచు నడక లేని, చిన్న బస్సు టూర్ శుక్రవారానికి బుక్ చేశాడు. సీట్లకు నంబర్లు లేవట, ముందు ఎక్కినవారికి ముందు. ఆఖరు సందేహం: ఏ పక్క కిటికీ దగ్గర కూర్చుంటే మంచిది?

జవాబు: ఒంగోలు రోడ్డు

కారు మాట నెగ్గకపోయినా ఇది చెప్పగలను. వెళ్లేటప్పుడు ఎడమ పక్క కూర్చోండి. జలపాతాలు దూకే గట్టు, ఎయాఫ్యాట్లాయోకుల్ మంచు అన్నీ ఆ వైపే ఉంటాయి. కుడి పక్క సముద్రం వైపు మైదానం, ఆకాశం తేటగా ఉంటే దూరంగా వెస్ట్‌మన్ దీవులు కనిపిస్తాయి. వచ్చేటప్పుడు అదే సీటుకు దీవులు ఎదురవుతాయి, కనుక మారనక్కర లేదు. తలుపు కుడివైపు ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మగారికి మొదటి వరుసలో ఎడమ కిటికీ దొరికేలా పది నిమిషాలు ముందుగా స్టాపులో ఉండండి.